పేగులో మఖమల్

ఆసుపత్రిలో అందరూ ఆమెను సినిమా సిస్టర్ అనేవాళ్లు. మొదట్లో లిఫ్టు నడిపే ఆయన సరదాకి అన్నాడు. పోను పోను ఆ మాట ఎంతలా అతుక్కుపోయిందంటే, హాజరుపట్టీ రాసే గుమాస్తా కూడా ఆమె అసలు పేరు కోసం ఒక క్షణం తడుముకునేవాడు. ఆమెకేం కోపం లేదు. పొద్దున తొమ్మిదికి వచ్చి, కిటికీకి నల్లగుడ్డ కట్టిన చిన్న గదిలో కూర్చుని, సాయంత్రం దాకా తెర వంక చూడడమే ఆమె ఉద్యోగం మరి.

కాకపోతే ఆ సినిమాల్లో మనుషులుండరు, పాటలుండవు. రోగి మింగిన బిళ్లలో చిన్న కెమెరా ఉంటుంది. అది గొంతు దిగి, కడుపు దాటి, పేగుల మెలికల్లోంచి జారుకుంటూ పోతూ ఎనిమిది గంటల పాటు బొమ్మలు తీస్తుంది. ఒక్కో మనిషికి యాభై వేల పైచిలుకు. వాటినన్నిటినీ వేగంగా తిప్పుతూ, ఎక్కడైనా రక్తం కారుతోందా, పుండుందా, కంతి ఉందా అని వెతికి డాక్టరు గారికి రాసివ్వాలి. అంతకు ముందు పదకొండేళ్లు ఎండోస్కోపీ గదిలో నిలబడి పనిచేసింది. నడుము పట్టేసి ఇక ఒక్కరోజు కూడా నిలబడలేనంటే, డాక్టరు గారే ఈ గదిలో కూర్చోబెట్టారు.

"నడుముకి కదా జబ్బు? కళ్లకి కాదుగా?" అన్నారాయన.

ఇంటికి వెళ్తే అత్తగారు గుమ్మంలోనే అడిగేది. "ఇవాళ ఏం సినిమానే?"

"పాత కథే అత్తయ్యా. మొదట చీకటి, తర్వాత అన్నీ మలుపులు, చివరికొచ్చేసరికి..."

"చాల్చాల్లే. కంచాలు పెట్టుకునే వేళ."

ఆ గదికి ఒక రోజు తెరలు కుట్టే టైలరు వచ్చాడు. అరవై దాటిన మనిషి. బక్కపలచన, చెవి మీద సుద్దముక్క. నాటకశాలలకీ సభామందిరాలకీ రెండు అంతస్తుల ఎత్తు తెరలు కుట్టడం ఆయన పని. వెనకే ఆయన భార్య, చేతిలో కాగితాల సంచీతో.

ఆయన కథంతా ఆ సంచీలోనే ఉంది. చుక్క ముట్టని మనిషికి కాలేయం గట్టిపడింది. కొవ్వు పేరుకుని అలా అయిందని డాక్టర్లు అంటే, వీధిలో సగం మంది నమ్మలేదు. చాటుగా పుచ్చుకుంటాడు కాబోలు అని గుసగుసలాడుకున్నారు. పేగుల నుంచి వచ్చే రక్తమంతా ఒకే పెద్ద నాళంలో కలిసి కాలేయంలోకి పోవాలి. కాలేయం రాయిలా అయిపోతే దానికి దారి చాలదు. వెనక్కి తన్నుతుంది. ఆ ఒత్తిడికి గొంతు కింద అన్నం దిగే గొట్టంలో నరాలు ఉబ్బి, ఒక మధ్యాహ్నం కుట్టుమిషను మీదే ఆయన రక్తం కక్కుకున్నాడు. ఆసుపత్రికి పరుగెత్తుకొస్తే ఉబ్బిన నరాలకు రబ్బరు బ్యాండ్లు బిగించారు. ఆరు నెలల్లో నాలుగు సార్లు. చివరిసారి చూసినప్పుడు నరాలన్నీ అణిగిపోయి ఉన్నాయి.

అక్కడితో కథ అయిపోవాలి. అవలేదు. ఆ తర్వాత ఆయన ఒంట్లో రక్తం ఒక్కో మెట్టే దిగుతూ వచ్చింది. పదకొండు ఉన్నది తొమ్మిదైంది, తొమ్మిది ఏడున్నరైంది. రెండుసార్లు రక్తం ఎక్కించారు. పైనుంచి కెమెరా వేసి చూశారు, కింది నుంచి వేసి చూశారు. ఎక్కడా ఏమీ లేదు. ఇక మిగిలింది ఆ రెండు కెమెరాలూ చేరలేని మధ్య పేగు.

"ఇది మింగితే నా లోపలంతా కనిపిస్తుందా సిస్టరమ్మా?" అన్నాడు టైలరు, బిళ్లను వెలుతురుకెత్తి పట్టుకుని.

"కనిపిస్తుంది మాస్టారూ."

"నాక్కూడా చూపిస్తారా?"

"మీకెందుకండీ ఆ గొడవ? మింగండి ముందు," అంది భార్య.

"గొడవేంటే? అరవై రెండేళ్లుగా మోస్తున్నాను. ఒక్కసారైనా చూడొద్దూ?" అని, నీళ్లతో బిళ్ల గుటుక్కున మింగి, బొమ్మలు అందుకోవడానికి నడుముకి కట్టిన రికార్డరు పట్టీని వేళ్లతో తడిమి చూసి, "కుట్టు వంకరగా పోయింది" అన్నాడు.

సినిమా సిస్టర్ ఆ ఫిల్ము రెండు పూటలు కూర్చుని చూసింది. ఎర్రటి ధార లేదు. పుండు లేదు. కంతి లేదు. 'రక్తస్రావం కనబడలేదు' అని రాసిచ్చింది. డాక్టరు గారు పెదవి విరిచి సంతకం పెట్టారు.

మూడో రోజు రిపోర్టు తీసుకోవడానికి వచ్చిన టైలరు ఆ ఒక్క వాక్యాన్నీ చదివి, కాగితం వెనక్కి తిప్పి చూశాడు, అక్కడేమైనా ఉంటుందేమోనని.

"అంటే నా రక్తం ఎటు పోతున్నట్టు?"

ఆమె డాక్టరు గారిని ఫోన్లో అడిగింది, టైలరుకి ఫిల్ము చూపించొచ్చా అని. "చూపించు. ఆయన పేగేగా, నాదా నీదా?" అన్నారాయన.

టైలరు కుర్చీ లాక్కుని తెరకి దగ్గరగా కూర్చున్నాడు. ఆమె మామూలు వేగంతో వదిలింది. కడుపు దాటాక పేగు మొదలైంది. గోడలంతా లేత గులాబి రంగులో, నీటి అడుగున నాచు ఊగినట్టు సన్నటి వెంట్రుకల్లాంటివి ఊగుతున్నాయి.

"అబ్బ!" అన్నాడు టైలరు. "మఖమల్!"

ఆమెకి నవ్వొచ్చింది. చిన్నప్పుడు బళ్లో టీచరమ్మ నల్లబల్ల మీద వేళ్లలాంటి బొమ్మ గీసి ఆంత్రచూషకాలు అని రాసి, నోరు తిరిగేదాకా అందరిచేతా చెప్పించింది. తిన్నదాంట్లోని సారాన్ని పీల్చేవి అవే. అన్నేళ్లలో వాటిని మఖమల్ అన్నవాళ్లెవరూ ఆమెకి తగల్లేదు.

ఫిల్ము నడుస్తోంది. టైలరు మాట్లాడడం మానేసి ముందుకు వంగాడు. సగం దాటాక ఉన్నట్టుండి చెయ్యెత్తాడు.

"ఆపండి. కొంచెం వెనక్కి. ఆ... అక్కడే. ఇక్కణ్నుంచి నూగు పోయింది."

"పోవడం ఏంటి? ఉందిగా మాస్టారూ."

"ఉంది. కానీ లేచి లేదు. చూడండి, ఇందాకటిది పోగు పోగు విడివిడిగా నిలబడి ఉంది. ఇది తడిసి ముద్దయి ఒకదానికొకటి అంటుకుపోయింది. కొసలు కూడా తెల్లగా మొద్దుబారాయి. మా గోదాములో పైకప్పు కారి తెర నానితే అచ్చం ఇలాగే అవుతుంది. పైనుంచి చూస్తే బాగానే ఉంటుంది. చెయ్యి పెడితే తెలుస్తుంది."

ఆమె తెర వైపు చూసింది. మళ్లీ చూసింది. నిజమే. ఎదురుగా ఉంది. ఇలాంటి మందమైన, ఉబ్బిన గోడని ఆమె ఇంతకు ముందు ఎన్నోసార్లు చూసింది. చూసి చూసి, గది మూలలో పాత కుర్చీని పట్టించుకోనట్టే, పట్టించుకోవడం మానేసింది. ఆమె వెతికేది ఎర్రటి ధార. ధార లేకపోతే ముందుకు తిప్పేది.

టైలరు వెళ్లాక ఆమె తలుపు వేసుకుని, ఆ భాగాన్ని ఒక్కొక్క బొమ్మగా నడిపించింది. ముద్దయిన నూగు మధ్యలో గుండుసూది మొనంత ఎర్రచుక్కలు. ఒక చోట నాలుగు, ఇంకొక చోట ఏడు. ఒక చుక్క చుట్టూ మాత్రం పలచగా, చెమట పట్టినట్టు ఎర్రదనం. తర్వాతి బొమ్మలో అది ఇంకాస్త పాకింది. ధార కాదు. ఊట.

'రక్తస్రావం కనబడలేదు' అని రాసింది తనే. ఆ సాయంత్రం ఆమె రిపోర్టు కాగితం పట్టుకుని డాక్టరు గారి గది ముందు ఐదు నిమిషాలు నిలబడి, లోపలికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది.

"తప్పు నాదండీ. కనిపించింది, నేను చూడలేదు. చూసింది ఆ టైలరు."

డాక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన బ్యాండ్లు వేయడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఆ టైలరు గొంతులో బ్యాండ్లు వేసిందీ ఆయనే. "ఒత్తిడి ఉన్నవాళ్ల పేగు కొంచెం ఉబ్బుతుందని పుస్తకాల్లో ఉందిలే. కడుపు గోడకి వచ్చినట్టే పేగుక్కూడా వస్తుంది. కానీ ఆయనకి చికిత్స అయిపోయింది కదా? నరాలు అణిగిపోయాయి."

"నరాలు అణిగాయి. ఒత్తిడి అణిగిందా?"

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "నువ్వు అనుకుంటున్నది నిజంగా ఉందా, ఇవాళ టైలరు చెప్పాడు కాబట్టి నీకు అంతటా మఖమలే కనిపిస్తోందా? తేల్చుకుందాం."

మర్నాడు ఆయన పాత ఫిల్ముల్లోంచి ఇరవై నాలుగు బొమ్మలు తీయించారు. పన్నెండు, కాలేయ ఒత్తిడికి చికిత్స పొందినవాళ్లవి. పన్నెండు, వేరే జబ్బులవాళ్లవి. పేర్లూ తేదీలూ చెరిపేసి, పేకముక్కల్లా కలిపి బల్ల మీద పరిచారు. "విడదియ్యి."

ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని మొదలుపెట్టింది. ముద్దయినవి ఎడమకి, లేచి ఉన్నవి కుడికి. పది నిమిషాలు పట్టింది. డాక్టరు గారు జాబితాతో సరిచూసి, "నాలుగు తప్పు" అన్నారు.

"ఇరవై ఒప్పు కదండీ?"

"సరే, నేను విడదీస్తాను చూడు," అని బొమ్మలు మళ్లీ కలిపించి, కూర్చున్నారు. ఆయనకి పదిహేనే వచ్చాయి. ఆ మాట బయట ఎవరితోనూ అనొద్దన్నారు. సాయంత్రానికల్లా లిఫ్టు ఆయనక్కూడా తెలిసిపోయింది.

ఇంతలో ఇంటి దగ్గర ఇంకొకటి జరిగింది. అత్తగారికి బీపీ ఉంది. ఆ ఆదివారం ఆమె మాత్రల డబ్బా సర్దుతుంటే, పదిహేను రోజుల మాత్రలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఇదేంటత్తయ్యా?"

"మొన్న చూపిస్తే బాగా ఉందన్నారు కదే. తగ్గిపోయాక ఇంకా ఎందుకు మింగడం?"

"మింగుతున్నారు కాబట్టే బాగా ఉంది!"

"ఆ ముక్క డాక్టరు నాతో చెప్పాడా?"

సినిమా సిస్టర్ డబ్బా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. టైలరు కాగితాల్లో గుండె వేగం తగ్గించే మాత్రలు రాసి ఉండడం ఆమెకి గుర్తుంది. పేగుల నాళాల్లో ఒత్తిడి తగ్గించడానికి ఇచ్చేవి అవి. ఆ మాత్రలు మింగే మనిషి నాడి నెమ్మదిగా కొట్టుకోవాలి. బిళ్ల మింగించిన రోజు ఆమే ఆయన చెయ్యి పట్టుకుని చూసి రాసుకుంది. తొంభై రెండు.

సోమవారం ఉదయం టైలరుకి ఫోను చేసింది.

"మాస్టారూ, ఒక్క మాట. ఆ చిన్న తెల్లమాత్రలు వేసుకుంటున్నారా?"

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది.

"నాలుగోసారి బ్యాండ్లు వేసి, నరాలు అణిగాయి అన్నారు కదమ్మా... అప్పట్నుంచి మానేశాను. అవి వేసుకుంటే నిచ్చెన ఎక్కినప్పుడు కళ్లు తిరిగేవి. తెర తగిలించేది నేనే కదా. మా ఇంటావిడకి తెలీదు. చెప్పకండి."

"చెప్పనులెండి. మీరే చెప్తారు. ఇద్దరూ కలిసి రేపు రండి."

టైలరు చెప్పాడో, భార్య రాబట్టిందో గానీ, మర్నాడు వచ్చేసరికి ఆమె ముఖం కందగడ్డలా ఉంది. "ఎనిమిది నెలలు! చేత్తో నీళ్లిచ్చాను, ఈయన మాత్ర పూలకుండీలో వేశాడు!" అంది డాక్టరు గారితో. డాక్టరు గారు ఆయన్ని తిట్టలేదు. తన వైపు నుంచి జరిగింది కూడా ఒప్పుకున్నారు.

"అణిగాయి అన్నది నేను. మీరు బాగైపోయింది అని విన్నారు. మేం కట్టింది ఉబ్బిన నరాలని. వాటిని ఉబ్బించింది లోపలే ఉంది, ఇప్పుడు పేగుని నానబెడుతోంది. నిచ్చెన మీద కళ్లు తిరుగుతున్నాయని అప్పుడే చెప్పి ఉంటే మోతాదు తగ్గించేవాణ్ని."

ఈసారి పావు మోతాదుతో మొదలుపెట్టి, వారం వారం నాడి చూస్తూ కొంచెం కొంచెంగా పెంచారు. ఇనుము మాత్రలూ తోడు చేశారు. తెర తగిలించే పని ఇంకొకరికి అప్పజెప్పడానికి టైలరు చాలా గింజుకున్నాడు గానీ భార్య ముందు ఆయన మాట చెల్లలేదు. మూడు నెలలకి రక్తం తొమ్మిదిన్నరకి వచ్చింది. ఆరు నెలలకి పదిన్నర. మధ్యలో ఒక్కసారి కూడా ఎక్కించాల్సిన పని పడలేదు.

ఆరో నెలలో రెండో బిళ్ల మింగించారు. ఈసారి ఫిల్ము ముగ్గురూ కలిసి చూశారు, టైలరుని మధ్యలో కూర్చోబెట్టుకుని. ఊట ఆగింది. ఎర్రచుక్కలు తగ్గాయి, పోలేదు. నూగు కొన్ని చోట్ల లేచి నిలబడింది, కొన్ని చోట్ల ఇంకా బరువుగా వాలే ఉంది.

"ఎలా ఉంది మాస్టారూ?" అన్నారు డాక్టరు గారు, నిజంగానే తెలుసుకుందామని.

టైలరు గెడ్డం గోక్కున్నాడు. "మళ్లీ కొత్తదవదు లెండి. కానీ వేలాడదీయొచ్చు."

ఆ తర్వాత డాక్టరు గారిని వేరే సందేహం పట్టుకుంది. ఒక మధ్యాహ్నం ఆయన ఫైళ్లు చంకన పెట్టుకుని సినిమా సిస్టర్ గదిలోకే వచ్చారు.

"మనం ఈ బిళ్ల ఎవరికి మింగిస్తున్నాం? బ్యాండ్లు వేశాక కూడా రక్తం తగ్గేవాళ్లకి. వాళ్లందరి పేగులూ ముద్దయ్యే ఉన్నాయి. మరి బ్యాండ్లు వేయకముందు ఎలా ఉన్నాయి?"

"ఎవరు చూశారు కనక?"

"అదే చెప్తున్నా. పైన దారి మూసేసరికి ఆ ఒత్తిడంతా కిందకి మళ్లిందా? లేక మొదట్నుంచీ పేగు నానుతూనే ఉంటే, గొంతులో రక్తం చూసిన కంగారులో మనకి అటు చూసే తీరికే లేకపోయిందా? అంటే, మన వైద్యం వల్ల వచ్చిందా, మన వైద్యానికి అందనిదా? రెండూ ఒకటి కాదు."

ఆ మాటలు ఆమెని ఎంతలా పట్టుకున్నాయంటే, బస్సులో దిగాల్సిన చోటు దాటిపోయింది.

నాలుగు నెలలు కాగితాలూ అనుమతులూ అయ్యాక, బ్యాండ్లు వేయకముందే, ఒప్పుకున్నవాళ్లకి బిళ్ల మింగించడం మొదలైంది. మొట్టమొదటి మనిషి ఒక బస్సు కండక్టరమ్మ. నలభై ఏళ్లు, గట్టి గొంతు. ఉబ్బిన నరాలు ఇంకా పగల్లేదు, కానీ పగలడానికి సిద్ధంగా ఉన్నాయి. అన్నీ వివరంగా చెప్పి, ఇష్టమైతేనే మింగమంటే, "టిక్కెట్టు లేకుండా నా లోపలికి ఎక్కే మొదటి ప్రయాణికుడు వీడే" అని మింగేసింది.

ఆ ఫిల్ము చూస్తున్నప్పుడు సినిమా సిస్టర్‌కి వేగంగా తిప్పబుద్ధి కాలేదు. మొదటి గంట, లేచి నిలబడిన నూగు. రెండో గంట, అదే. మూడో గంటలో ఒక మలుపు తిరిగింది కెమెరా. ముద్దయిన గోడ. ఆమె కుర్చీలోంచి లేచి, నడుము సంగతి మరిచిపోయి, కారిడార్లో దాదాపు పరుగెత్తింది.

"ముందే ఉందండీ! బ్యాండ్లు వేయకముందే ఉంది!"

డాక్టరు గారి ముఖంలో ఊరట కనిపించింది. అది నాలుగు రోజులే నిలిచింది. రెండో మనిషి పేగు మొదట్నుంచి చివరిదాకా శుభ్రంగా ఉంది. మూడోదీ అంతే. ఏడాది తిరిగేసరికి తొమ్మిది మందిని చూశారు. ఐదుగురికి ముందే ఉంది, నలుగురికి లేదు. ఆ నలుగురిలో ఒకరికి బ్యాండ్లు వేశాక కనిపించింది.

"ఒక్కరితో ఏం తేలుతుంది?" అన్నారు డాక్టరు గారు.

తేలింది ఒకటుంది, ఆమె దృష్టిలో. ఇప్పుడు బ్యాండ్లు వేయించుకుని ఇంటికెళ్లే ప్రతి మనిషినీ డాక్టరు గారు ఆపి, మాత్రలు మానొద్దని, కళ్లు తిరిగితే వెంటనే చెప్పమని తన నోటితో చెప్తున్నారు. రిపోర్టు కాగితంలో 'రక్తస్రావం' అన్న గడి కింద 'గోడ ఎలా ఉంది' అన్న కొత్త గడి చేరింది. దాన్ని ఖాళీగా వదిలితే ఆమె కాగితం కదలనివ్వదు.

కండక్టరమ్మ బ్యాండ్లన్నీ అయ్యాక రెండో బిళ్ల మింగడానికి వచ్చింది. సినిమా సిస్టర్ పాత ఫిల్మూ కొత్త ఫిల్మూ పక్కపక్కన పెట్టి నడిపించింది. మూడో గంట మలుపులో గోడ ముద్దగా అలాగే ఉంది. పెరగలేదు, తగ్గలేదు. కానీ దానికి చాలా పైన, క్రితంసారి పచ్చికలా నిలబడి ఉన్న చోట, ఇప్పుడు ఒకే ఒక్క ఎర్రచుక్క ఉంది. డాక్టరు గారిని పిలిచింది. ఆ చుక్కని తెర మీద పెద్దది చేసి అడిగింది.

"బ్యాండ్ల వల్ల వచ్చిందంటారా? ఎలాగూ వచ్చేదేనంటారా?"

"నాకు తెలీదు," అన్నారు డాక్టరు గారు.

ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట వినడం ఆమెకి అదే మొదటిసారి. ఆయన ఆ మాట చెప్పి ఊరుకోలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, "దాని చుట్టూ ఉన్న నూగు చూపించు, ఒక్కొక్క బొమ్మగా" అన్నారు. ఆమె ఫిల్ముని వెనక్కి తిప్పింది.